కొండెక్కి, కాలువగట్టున ఇంటికి

ముందురోజు ఏమీ అనుకోకుండా, పొద్దున్నే ఆకాశం వంక ఒకసారి చూసి, సన్నటైర్ల రోడ్డు సైకిలు మీద బయల్దేరి, కొండలెక్కి దిగి, కాలువగట్టు పట్టుకుని పొద్దుగూకేలోగా ఇల్లు చేరడం ఉత్తర ఇంగ్లండులోని పెన్నైన్ కొండల్లో ఒక విద్య. ఇందులో పోటీ లేదు, పతకాలు లేవు. అందుకే దీన్ని తీరికవేళ షికారు కింద కొట్టిపారేస్తారు. నా వాదన దీనికి పూర్తిగా ఎదురు. ఏళ్ళ తరబడి చేతుల్లోనూ కాళ్ళలోనూ కుదురుకున్న పనితనం ఉన్నవాళ్ళకే ఏ ఏర్పాటూ లేకుండా గడప దాటే ధైర్యం ఉంటుంది. పొద్దున అప్పటికప్పుడు కుదిరినట్టు కనిపించేదంతా ఎప్పుడో నేర్చుకున్నదే.

నేల కూడా ఇందుకు తోడ్పడుతుంది. ఈ కొండల్లోని కాల్డర్ లోయలో నది, కాలువ, రైలుపట్టాలు, రోడ్డు నాలుగూ ఒక ఇరుకులో ఒరుసుకుంటూ సాగుతాయి. పైన ఏ సందులో దారి తప్పినా పల్లానికి దిగితే చాలు, కాలువో రైలుస్టేషనో తగులుతుంది. మైథమ్‌రాయిడ్ దగ్గర మొదలయ్యే క్రాగ్ వేల్ ఎక్కుడు అయిదున్నర మైళ్ళలో 968 అడుగులు లేస్తుంది. మధ్యలో ఎక్కడా దిగుడు లేకుండా ఎక్కే రోడ్లలో ఇంగ్లండు మొత్తానికి ఇదే పొడుగని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. 2014లో టూర్ డి ఫ్రాన్స్ రెండో అంచె ఈ దారినే వెళ్ళింది. పైన బ్లాక్‌స్టోన్ ఎడ్జ్ రిజర్వాయరు దాటి లిటిల్‌బరోకి దిగితే రాచ్‌డేల్ కాలువ వస్తుంది. 1804లో పూర్తయి, 1952లో పడవలకు మూతపడి, 2002లో మళ్ళీ తెరుచుకున్న కాలువ అది. చరిత్ర ఇంతవరకు చాలు. ఆ గట్టు వెంట టాడ్‌మర్డెన్, హెబ్డెన్ బ్రిడ్జ్ మీదుగా బయల్దేరిన చోటికే వచ్చేస్తారు. ఈ వరసలో ఎంత తెలివి ఉందో చూడండి. కాళ్ళలో సత్తువ ఉన్నప్పుడు కొండ, అది కరిగిపోయాక దాదాపు చదునుగా ఉండే గట్టు. ఈ కొండల మీద ఎక్కువగా వీచేది పడమటి గాలి కాబట్టి, వెళ్ళేటప్పుడు అది ఎదురొస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు వీపు తడుతుంది.

ఇక పనితనం. వానకి తడిసిన రాళ్ళు పరిచిన ఎక్కుడులో సీటు మీంచి లేచి తొక్కితే వెనక చక్రం గిర్రున జారుతుంది. తెలిసినవాళ్ళు సీటు ముందు అంచుకి జరిగి, మోచేతులు వంచి, చిన్న గేరులో నింపాదిగా తొక్కుతారు. దిగుడులో బ్రేకు మలుపుకి ముందే పడాలి. మలుపులోకి వచ్చాక బయటివైపు పెడల్ మీద బరువంతా మోపి, చూపు మలుపు చివర నిలపాలి. కాలువ చేరేసరికి తీరు పూర్తిగా మారిపోతుంది. టైర్లలో గాలి కొంచెం తీసేసి, పట్టు సడలించి, నీళ్ళకేసి కాకుండా గట్టుకేసి చూస్తూ పోవాలి, ఎందుకంటే చూపు ఎటు పోతే చక్రమూ అటే పోతుంది. గోదావరి కాలువల మీద లాకులు చూసిన మనవాళ్ళకి వాటి సంగతి చెప్పనక్కర్లేదు. ఇక్కడ లాకు పక్కన గట్టు ఒక్కసారిగా పైకి లేస్తుంది. పూర్వం పడవలు లాగిన గుర్రాల డెక్కలు జారకుండా ఆ ఏటవాలు మీద అడ్డంగా, వరసలుగా రాళ్ళు పొడుచుకొచ్చేలా పేర్చారు. వంతెన మూలరాళ్ళ మీద, పడవలు లాగిన తాళ్ళు కోసిన గాట్లు వేలు పట్టేంత లోతున ఉంటాయి. సన్నటైరు ఆ రాళ్ళ వరసలు దాటాలంటే సీటు నుంచి వెంట్రుకవాసి లేచి, మోకాళ్ళు వదులుగా ఉంచాలి. వంతెన కింద అవతలివైపు కనిపించదు గనక ముందే బెల్లు కొట్టాలి, నడిచేవాళ్ళుంటే దిగి నిలబడాలి.

కొండనీ కాలువనీ కలిపి తొక్కడం ఇప్పటి సైకిలిస్టుల చాదస్తమని అనేవాళ్ళు స్టానెడ్జ్ వెళ్ళి చూడాలి. అక్కడ హడర్స్‌ఫీల్డ్ నారో కాలువ మార్స్‌డెన్ దగ్గర కొండ కడుపులోకి దూరుతుంది. 1811లో తెరిచిన ఆ సొరంగం మూడుంపావు మైళ్ళ పొడుగు, లోపల గట్టు లేదు. పడవ మనుషులు వెల్లకిలా పడుకుని గోడలు తన్నుకుంటూ పడవని లోపల నడిపిస్తే, గుర్రాన్ని విప్పి కొండ మీంచి అవతల డిగిల్‌కి తోలుకెళ్ళేవాళ్ళు. ఈనాడు గట్టు అయిపోయాక సైకిలు తిప్పి కొండెక్కేవాళ్ళు చేస్తున్నది ఆ గుర్రం పనే.

పోటీలో నెగ్గలేనివాళ్ళ కాలక్షేపం కదా ఇది అంటారు. బెరిల్ బర్టన్ పేరు విన్నాక ఆ మాట అనగలరా? ఇదే యార్క్‌షైర్‌లో, మోర్లీ క్లబ్బులో, భర్త చార్లీ వెంట సైకిలు తొక్కడం మొదలుపెట్టి, రూబార్బ్ తోటలో ఒళ్ళొంచి పనిచేసిన మనిషి. 1967లో పన్నెండు గంటల్లో 277.25 మైళ్ళు తొక్కింది. మగవాళ్ళలో ఆరోజే కొత్త రికార్డు పెట్టిన మైక్ మెక్‌నమారాని దాటిపోతూ ఆయన చేతికో లికొరిస్ మిఠాయి అందించింది. ఆడవాళ్ళలో ఆ రికార్డు యాభై ఏళ్ళు నిలిచింది. టూర్ డి ఫ్రాన్స్‌లో ఒక అంచె గెలిచిన మొదటి బ్రిటిషర్ బ్రయన్ రాబిన్సన్ (1958) కూడా ఈ కాల్డర్ ఒడ్డునున్న మర్ఫీల్డ్ వాడే. ఇలాంటివాళ్ళని కన్నది వ్యాయామశాలలు కాదు, ఈ కొండదారులూ క్లబ్బులూనూ.

గట్లకీ రాళ్ళకీ లావుటైర్ల గ్రావెల్ సైకిళ్ళు వచ్చాయిగా, ఇంకా ఈ సన్నటైర్లతో తంటా ఎందుకన్నది రెండో అభ్యంతరం. 1919 మార్చిలో ‘వేఫేరర్’ కలంపేరుతో రాసిన డబ్ల్యూ.ఎం. రాబిన్సన్ మంచులో బెర్విన్ కొండలు దాటింది మామూలు సైకిలుతోనే. ఆ స్ఫూర్తితోనే 1955లో రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అనే సైకిలిస్టుల సంఘం పుట్టింది. వాళ్ళు ఉన్న సైకిలుతో వెళ్ళారు, వీలుకాని చోట భుజానికెత్తుకున్నారు. ఇవాళ అదే సాహసాన్ని ప్రత్యేకమైన సైకిలు, ప్రత్యేకమైన బూట్లు, తెర మీద గీసిచ్చిన దారి కలిపి పొట్లం కట్టి అమ్ముతున్నారు. కొన్నవాళ్ళకి టైరు లావుగా దొరుకుతుంది, నేర్పు దొరకదు. మట్టి అంటిన సైకిలుకి ఫొటో తీయడంతోనే ఆ సాహసం ముగిసిపోతుంది.

అంతకంటే మండేది గట్టుమీద టైము చూసుకుని పరుగులు తీసే జనాన్ని చూస్తే. ఫోనులో ఎవరి రికార్డో కొట్టాలని వంతెన కింద నుంచి దూసుకొస్తారు, పిల్లల్నీ ముసలివాళ్ళనీ అంచుకి నెడతారు. మోటారు వేగం దొంగతనంగా పెంచుకున్న కరెంటు సైకిళ్ళవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. నడిచేవాళ్ళు సైకిలంటేనే ఒళ్ళు మండిపోయే స్థితికి వచ్చారంటే తప్పు వాళ్ళది కాదు. గట్టు మీద మొదటి హక్కు కాలినడక వాళ్ళదని, 2012 నుంచి ఈ కాలువలు చూసుకుంటున్న కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చెబుతూనే ఉంది; అది న్యాయం. అయితే అందుకు మందుగా సైకిళ్ళనే గట్టెక్కనీయవద్దనడం, పొగరుబోతు చేసిన తప్పుకి పనివాణ్ణి శిక్షించడమే. ఇంకోపక్క గట్టంతా తారు పోసి నున్నగా చేయమనేవాళ్ళున్నారు. చక్రాల కుర్చీలకూ పిల్లల బళ్ళకూ మంచి గట్టు కావాలి, కాదనను. ఊరి మధ్య పోయండి. కానీ లాకుల పక్కనున్న ఆ రాళ్ళ వరసల జోలికి పోకండి. గుర్రం డెక్క కోసం పేర్చిన ఆ రాళ్ళే ఈరోజు పరుగువీరుల వేగానికి కళ్ళెం వేస్తున్నాయి. ఊడిన రాయి ఉంటే తిరిగి పెట్టండి. క్లబ్బు పెద్దలు కూడా కుర్రాళ్ళని కొండ మీదికే కాదు, సెలవురోజు మధ్యాహ్నం జనం కిటకిటలాడే హెబ్డెన్ బ్రిడ్జ్ గట్టు మీదికీ తీసుకెళ్ళి, ఎక్కడ బెల్లు కొట్టాలో, ఎక్కడ దిగి నడవాలో చేయి పట్టి నేర్పాలి.