పాదమెరిగిన కొండ: తెలుగు కావ్య, యాత్రాకథనాల్లో కనుమల, జలపాతాల నడక

విజయవాడ గుణదల కొండ ఎక్కే యాత్రికులకు ఆ కొండ ఎత్తు అంకెల్లో తెలియదు, మెట్లుగా తెలుస్తుంది. ఆ కొండ గుహలో 1924లో ఇటలీ మిషనరీ ఆర్లాటి ప్రతిష్ఠించిన మరియమాత ప్రతిమకు మూలం పిరినీస్ పర్వతపాదంలోని లూర్డు. అక్కడి కథనం ప్రకారం 1858 ఫిబ్రవరి 11న బెర్నడెట్ సుబీరూ అనే పేద బాలిక కట్టెలు ఏరుకోవడానికి వెళ్లి, అడ్డుగా ఉన్న నీటిపాయను దాటేందుకు కాలిమేజోళ్లు విప్పుతూ ఉండగా ఎదుటి కొండగుహలో దర్శనం కలిగింది. గుణదలలో ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఉత్సవానికి ఆధారం ఆ తేదీయే. నీటిలో దిగబోయే పాదం, కొండగుహ, దర్శనం అనే మూడూ ఆ కథలో ఒకే క్షణంలో కలుస్తాయి.

ఈ కలయిక తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. అయినా కొండలను, లోయలను, జలపాతాలను గురించిన తెలుగు వర్ణనలను విమర్శ ఎక్కువగా కంటికి సంబంధించినవిగానే చదివింది. అష్టాదశ వర్ణనల్లో శైలవర్ణన ఒకటి కనుక కావ్యంలో కొండ రావడం నియమమనీ, ఆ వర్ణనలోని గుణదోషాలు అలంకారాలను, సమాసకల్పనను బట్టి తేలుతాయనీ భావించడం పరిపాటి. కొండ ఎందుకు వచ్చిందో నియమం చెప్పగలదు. వచ్చిన కొండ ఎలా కనిపించిందో మాత్రం అక్కడికి చేరిన పాదం స్థితి నిర్ణయిస్తుంది. ఈ ప్రతిపాదనను నాలుగు రచనల ఆధారంగా పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదజాలంలో నడక

కొండసీమల నైసర్గిక స్వరూపానికి తెలుగులో ఉన్న మాటలు నడిచినవారు పెట్టినవి. కనుమ మనిషి కొండను దాటే దారి. గండి నీరు కొండను కోసి చేసుకొన్న దారి. పెన్నానది ఎర్రమల కొండలను కోసిన చోట వెలసిన కోట గండికోట అయింది. కృష్ణా డెల్టా రైతుకు ఇదే మాట కాలువకట్ట తెగినప్పుడు వినిపిస్తుంది. కొండను కోసిన నదికీ, కట్టను తెంచిన కాలువకూ భాష ఒకే మాట వాడింది. కోన కొండల నడుమ ఒదిగిన లోతట్టు. తలకోన, పెంచలకోన, తుంబురుకోన వంటి పేర్లలో అది నిలిచి ఉంది. పల్నాటిలో చంద్రవంక దూకే చోటు పేరైన ఎత్తిపోతల నీటిపారుదల పథకాలకూ పేరయింది.

బెజవాడ పేరుకు చెప్పే జనశ్రుతి కూడా ఈ కోవలోనిదే. కృష్ణ దారికి అడ్డు నిలిచిన కొండకు బెజ్జం పడిందనీ, ఆ బెజ్జమే ఊరి పేరయిందనీ కథ. భాషాశాస్త్రపరంగా ఈ వ్యుత్పత్తి నిలుస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య నది వచ్చే తీరును చూసి, దానికి కారణం అడిగిన స్థానికుల ఊహ అందులో ఉంది. ఈ మాటలన్నీ దారికీ, అడ్డుకీ, దాటడానికీ సంబంధించినవి. దూరంగా నిలిచి చూసేవారికి ఇన్ని భేదాల అవసరం ఉండదు.

లేపనం పూసిన పాదం

అల్లసాని పెద్దన మనుచరిత్రలోని హిమాలయ వర్ణనకు ప్రసిద్ధి ఎక్కువ. ఆ వర్ణనకు ముందున్న ఏర్పాటును విమర్శ తగినంతగా పట్టించుకోలేదు. ప్రవరునికి తీర్థాలు చూడాలనే కోరిక ఉంది. నిత్యాగ్నిహోత్రి కనుక ఇల్లు విడిచి నెలల తరబడి నడిచే వీలు లేదు. సిద్ధుడిచ్చిన పాదలేపనం ఈ చిక్కును తీర్చింది. అంటే ప్రవరుడు హిమాలయానికి నడిచి వెళ్లలేదు. దారి లేకుండానే గమ్యం చేరాడు.

అక్కడ కనిపించిన దృశ్యాన్ని పెద్దన దీర్ఘసమాసంలో బంధించాడు. ఆకాశాన్నంటే శిఖరాలు, వాటి మీది నుంచి జారే ఝరులు, అలల మృదంగధ్వని, దానికి ఆడే నెమళ్లు, సాలవృక్షాలను కదిలించే ఏనుగులు అన్నీ ఒక్క చూపులో వచ్చిపడతాయి. ఒకదాని తర్వాత ఒకటి అనే క్రమం లేదు. ఎక్కడం, దిగడం, ఆయాసం లేవు. దీనిని ప్రౌఢసమాస వైభవంగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. మార్గం అనుభవించని పాదానికి కొండ ఇలాగే, అంతా ఒకేసారి కనిపిస్తుంది. శైలికీ కథలోని పాదలేపనానికీ ఉన్న సంబంధం ఇది.

మధ్యాహ్నానికి ప్రవరుడు తిరుగు ప్రయాణం తలపెట్టగా, మంచునీటికి లేపనం కరిగిపోయిందని తెలుస్తుంది. తన ఊరెక్కడ, ఈ మంచుకొండ ఎక్కడ అని వాపోతాడు. దూరం అనే మాటకు అర్థం అతనికి అప్పుడే తెలిసింది. అదే కొండ ఇక దృశ్యం కాదు, దారి తెలియని చోటు. అతణ్ణి వరూధిని వైపు నడిపించింది కూడా కన్ను కాదు, గాలిలో వచ్చిన తాంబూల పరిమళం. దారి అడిగిన ప్రవరునికి వరూధిని ఇచ్చిన చమత్కారపు జవాబు, అంత పెద్ద కన్నులున్నవాడు ఇతరులను దారి అడగడమేమిటని. విమర్శ దీనిని శృంగారోక్తిగా వ్యాఖ్యానించింది. సందర్భంలో పెట్టి చదివితే ఇందులో మరో పదును ఉంది: కన్నులెంత పెద్దవైనా దారి చూపలేవు. ఒకే కావ్యంలో ఒకే కొండ రెండు విధాలుగా రావడం వర్ణన కేవలం నియమపాలన కాదనడానికి బలమైన సాక్ష్యం.

చెప్పులు విడిచిన పాదం

తాళ్లపాక చిన్నన్న ద్విపదగా రచించిన అన్నమాచార్య చరిత్రలో పాదం మరో స్థితిలో కనిపిస్తుంది. బాలుడైన అన్నమయ్య తిరుమల కొండ ఎక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గర అలసి, ఆకలితో వెదురుపొద కింద నిద్రపోతాడు. అలమేలుమంగ ముత్తయిదువ రూపంలో వచ్చి, కొండ సాలగ్రామమయమనీ చెప్పులతో తొక్కరాదనీ చెప్పి, ప్రసాదం పెడుతుంది. శతకం పుట్టింది ఆ తర్వాతనే.

ప్రవరుని పాదానికి పూత కొండను అందించింది. అన్నమయ్య పాదానికీ కొండకూ మధ్య ఉన్న తోలు తొలగవలసి వచ్చింది. మొదటిది శ్రమను తప్పించే సాధనం. రెండవ కథలో శ్రమే అర్హత. మోకాళ్ల పర్వతం అనే పేరు సైతం ఎక్కే శరీరం నుంచి పుట్టినదే. లూర్డు బాలిక మేజోళ్లు విప్పడం, తిరుమల బాలుడు చెప్పులు విడవడం వేర్వేరు మతాల, కాలాల కథలు. మొదటిది నీరు దాటే అవసరం, రెండవది దైవాజ్ఞ. పోలిక పరస్పర ప్రభావాన్ని సూచించదు. కొండతో పరిచయం పాదస్పర్శతో మొదలవుతుందన్న ఊహ ఎంత విస్తృతమైనదో అది చూపుతుంది.

పల్లకిలోని పాదం

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. అహోబిలం, శ్రీశైలం వంటి నల్లమల క్షేత్రాలు అతని దారిలో ఉన్నాయి. అయితే అతడు ప్రధానంగా పల్లకిలో ప్రయాణించాడు. కొండలోయలు అతని రచనలో మజిలీలుగా, నీటివసతిగా, రాతినేలగా, ఇసుకదారిగా నమోదవుతాయి. కావ్యశోభ లేదని దీనిని తక్కువ చేయడం పొరపాటు. దారి బాగోగుల మీద ఇంత శ్రద్ధకు కారణం, ఆ దారిని బోయీల పాదాలు తొక్కుతుండటం. నడకలోని శ్రమ రచయితది కాదు, కాని రచనలోని సమాచారం ఆ శ్రమ నుంచే వచ్చింది. ప్రోలయ వేమారెడ్డి శ్రీశైల, అహోబిలాలకు సోపానాలు కట్టించాడన్న ప్రసిద్ధిలో రాజు పేరు మిగిలినట్టే ఇక్కడ యాత్రికుని పేరు మిగిలింది. రాతిని మోసినవారి, పల్లకిని మోసినవారి కొండ తెలుగులో ప్రత్యేక రచనగా రాలేదు. యాత్రాసాహిత్య పరిశోధన పూరించవలసిన ఖాళీ ఇది.

నదిగా మారిన పాదం

కృష్ణా జిల్లా నందమూరులో 1895లో పుట్టి, విజయవాడలో అధ్యాపకుడిగా పనిచేసిన విశ్వనాథ సత్యనారాయణ కిన్నెరసాని పాటల్లో ఈ సంబంధాన్ని తలకిందులు చేశాడు. అత్తింటి బాధ భరించలేక అడవిలోకి వెళ్లిన కోడలు కిన్నెర వాగుగా మారుతుంది, వెన్నంటి వచ్చిన భర్త రాయి అవుతాడు. ఇక్కడ నడిచేది యాత్రికుడు కాదు, నీరు. వాగు మలుపులూ తొట్రుపాట్లూ ఆ స్త్రీ నడకగా, ఆగలేని దుఃఖంగా మారాయి. కొండ, రాయి కదలలేని పురుషుని స్థితి. గోదావరి ఉపనది ఒకదాని నైసర్గిక స్వరూపం ఒక కుటుంబ విషాదానికి పటమయింది. ప్రబంధకవి కొండకు అలంకారాలు తొడిగితే విశ్వనాథ కొండవాగుకు గతాన్ని ఇచ్చాడు. ఆ గతాన్ని గీతలయలో, అంటే అడుగుల లెక్కలో చెప్పడం కాకతాళీయం కాదు.

ముగింపు

లేపనం, చెప్పులు, పల్లకి, ప్రవాహం అనే నాలుగు స్థితుల్లో కొండ నాలుగు విధాలుగా కనిపించింది: ఒక్క చూపులో పరచుకొన్న చిత్రంగా, స్పర్శకు తెలిసే పవిత్రతగా, మజిలీల పట్టికగా, నడిచే దుఃఖంగా. ఈ భేదాలను యుగభేదంగానో ప్రక్రియాభేదంగానో మాత్రమే వివరిస్తే మనుచరిత్రలోని రెండు హిమాలయాలకు సమాధానం దొరకదు. శైలవర్ణనను చదివేటప్పుడు కవి ఏం చూశాడన్న ప్రశ్నకు ముందు, పాత్ర అక్కడికి ఎలా చేరిందన్న ప్రశ్న వేయాలి.

కొండల మీదికి వాహనాలు చేరుతున్న కాలంలో ఈ ప్రశ్నకు వర్తమాన ప్రయోజనమూ ఉంది. తిరుమల శేషాచలంలో తుంబురు తీర్థానికి నేటికీ ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి భక్తులు కొండచీలికల నడుమ కాలినడకనే వెళ్తారు. తరిగొండ వెంగమాంబ తపస్సు చేసిందని చెప్పే చోటు ఆ కోనలోనిదే. అలాంటి దారులు కారు అద్దంలోంచి చూసే దృశ్యాలైతే గండి, కోన, కనుమ అనే మాటల మధ్య తేడా ముందు నాలుకకు, తర్వాత నిఘంటువుకు అనవసరమవుతుంది. ప్రవరుని లేపనం కరిగిన తర్వాతే అతని కథ మొదలైందన్న సంగతి కొండల సాహిత్యం చదివేవారు గుర్తుంచుకోదగినది.