నీటి నుంచి నీటికి: నల్లమల పాత కాలిబాట

శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్లున్నాయని పెద్దల మాట. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన పెన్న ఒడ్డున సిద్ధవటం, పడమట తుంగభద్ర ఒడ్డున అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఇవన్నీ గుడికి రోజుల తరబడి నడక దూరంలో ఉన్నాయి. అంటే కొండ కనబడకముందే, శిఖరం ఆనకముందే యాత్రికుడు స్వామి గడప తొక్కినట్టే లెక్క. అందరూ కాళ్లను నమ్ముకున్న రోజుల్లో పుట్టిన లెక్క అది.

అప్పటి నడకదారుల్లో ఇప్పటికీ జనంతో కళకళలాడేది పడమటి దారి. నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంలో నల్లమల అడవిలోకి దిగి నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం, హటకేశ్వరం మీదుగా శ్రీశైలం మల్లన్న గుడికి చేరుతుంది. సుమారు 40 కిలోమీటర్లు, నిదానంగా నడిస్తే రెండు రోజులు. మహాశివరాత్రికి రాయలసీమ పల్లెలు కదులుతాయి. ఉగాదికి కర్ణాటక, మహారాష్ట్రల నుంచి జనం వస్తారు. కన్నడిగులకు అమ్మవారు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. అందుకే పండక్కి చీర సారెలతో పుట్టింటివాళ్లలా బయల్దేరతారు. కొందరు ఊరి నుంచే వందల కిలోమీటర్లు నడిచి వస్తారు.

మజిలీల పేర్లు మరోసారి చదవండి. చెరువు, బావి, కొలను. ఈ దారి గుట్టంతా ఆ పేర్లలోనే ఉంది. శివరాత్రి నుంచి ఉగాది దాకా నల్లమల ఆకు రాల్చి ఉంటుంది. చూపు దూరం సాగుతుంది, నేల గట్టిపడి అడుగు జారదు, వాగులు అడ్డం రావు. నడకకు అంతకన్నా మంచి అదను లేదు. కానీ వాగులు ఎండిన ఆ రోజుల్లోనే నీటి చుక్క దొరకడం గగనం. అందుకని పాతవాళ్లు దగ్గర దారి వెతకలేదు, నీళ్లున్న దారి వెతికారు. ఒక నీటి చోటు నుంచి మరో నీటి చోటుకు, మధ్యలో మనిషి ఓపిక ఎంతో అంత దూరం. కొండ ఎక్కించడమూ, లోయలో దింపడమూ ఆ లెక్క ప్రకారమే.

దారి కష్టమైన చోట రాతిమెట్లు పడ్డాయి. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేముడు శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన సంగతి చరిత్రకెక్కింది. ఆ శతాబ్ది చివర్లో విజయనగరాన్నేలిన రెండో హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు వేయించింది. కొండ మీద దేవుడికి చేసిన సేవ కొండ కింద నీళ్ల దాకా సాగిందన్నమాట. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా ఆత్మకూరు వైపు నుంచే ఈ అడవి దాటి మల్లికార్జునుణ్ణి దర్శించుకుని, ఆ ప్రయాణాన్ని తన కాశీయాత్ర చరిత్రలో రాసిపెట్టాడు.

దారికి ఒక పద్ధతి ఉన్నట్టే నడకకూ ఒక పద్ధతి ఉంది. తెల్లవారుజామున చుక్క ఉండగానే లేచి, ఎండ ముదిరే లోపు సగం దూరం నడిచేయాలి. మిట్టమధ్యాహ్నం నీళ్ల పక్కన నీడలో నడుం వాల్చి, పొద్దు వాలాక మళ్లీ కదలాలి. ఎక్కేటప్పుడు అడుగు చిన్నదిగా వేయాలి, ఊపిరితో పాటు సాగాలి. దిగేటప్పుడు మోకాలు కొంచెం వంచి, చేతికర్రను ముందు ఆనించి ఆ తర్వాత పాదం మోపాలి. ఈ మెట్లు ఒక్క ఎత్తులో ఉండవు, కాబట్టి కన్ను నేల మీదే ఉండాలి. మూట తేలిగ్గా ఉండాలి. ఉత్తర కర్ణాటకవాళ్లు తెచ్చుకునే ఎండు జొన్నరొట్టెలు రోజుల తరబడి పాడవవు. అటుకులు, బెల్లం, వేయించిన శనక్కాయలు ఉంటే చాలు. అన్నిటికన్నా ముఖ్యం గుంపు విడవకపోవడం. గుంపులో నెమ్మదైన మనిషి ఎంత వేగంగా నడిస్తే అందరి వేగమూ అంతే. ముసలివాళ్లూ పిల్లలూ ఈ అడవి దాటగలగడం వెనక ఉన్న రహస్యం ఇదే.

ఈ దారికి అసలు వారసులు చెంచులు. పెద్దచెరువు దగ్గర వాళ్ల గూడెం ఉంది. మల్లన్న వాళ్లకు చెంచు మల్లయ్య, వాళ్ల పిల్లను చేసుకున్న అల్లుడు. ఏ వాగులో ఏ నెల దాకా నీళ్లుంటాయో, ఏ పొదలో ఏం కదిలిందో వాళ్లకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఇది పులులు తిరిగే రక్షిత అడవి. పండగ రోజుల్లో తప్ప మామూలుగా అనుమతి ఉండదు. అందుకే ఇక్కడ మనం అతిథులం. తాగిన సీసా సంచిలో వేసుకుని తిరిగి తీసుకుపోవడం, నీటి మడుగులో సబ్బు కలపకపోవడం, నిప్పు రాజేయకపోవడం యాత్రా నియమాల్లో మొదటివి. మనం పాడుచేసిన నీళ్లే మన వెనక వచ్చేవాళ్లకూ జింకకూ దిక్కు.

చివరి పరీక్ష భీముని కొలను. నిట్టనిలువు గట్ల మధ్య లోయ. మెట్ల మీదుగా అడుగుదాకా దిగి, కొలనులో ముఖం కడుక్కుని, ఎదురుగట్టు మెట్లెక్కి కైలాసద్వారం చేరాలి. రెండు రోజుల అలసట పిక్కల్లో గడ్డకట్టే చోటు అది. సరిగ్గా అక్కడే ఒక గొంతు లేస్తుంది, లోయంతా అందుకుంటుంది: చేదుకో మల్లన్నా, చేదుకో!

చేదుకోవడమంటే బావిలోంచి నీళ్లు తోడుకోవడం. దారి పొడుగునా నీళ్లు చేదుకుంటూ వచ్చిన మనిషి, ఆ లోతులో నిలబడి తానే నీళ్లయి, పైనున్నవాణ్ణి తనను చేదుకోమంటున్నాడు. డోర్నాల ఘాటు రోడ్డు మీద బస్సులో వెళ్లినా మల్లన్న దర్శనమిస్తాడు. చేదుకో అన్న మాటకు అర్థం మాత్రం ఆ లోయ అడుగున, తలెత్తి మెట్ల వైపు చూసినప్పుడే తెలుస్తుంది.