ప్లేటులో ఉన్న గొంతు, ప్లేటుకెక్కని గొంతు

పాత గ్రామఫోను ప్లేట్లను కంప్యూటరులోకి ఎక్కించి, గీతల చప్పుడు తుడిచి, కొత్తవాటిలా వినిపించే పని ఇవాళ ముమ్మరంగా సాగుతోంది. సంతోషించవలసిన విషయమే. కానీ దీన్ని సాంకేతిక నిపుణుల వ్యవహారంగానో, పాతపాటల ప్రియుల సరదాగానో చూసి ఊరుకోవడం సాహిత్య విమర్శకు తగదు. ఇది తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించడం వంటి పని. ఎవరు పరిష్కరిస్తున్నారు, దేన్ని తప్పుగా ఎంచి కొట్టివేస్తున్నారు, దేన్ని నిలుపుతున్నారు అన్న ప్రశ్నలు ఇక్కడా వర్తిస్తాయి.

కొత్తపట్నం సముద్రపుటొడ్డు నుంచి పల్నాడు దాకా, పత్తీ మిరపా పండే ఈ నేలమీద పద్యనాటకాన్ని ప్రజలు తమ సొంతం చేసుకున్నారు. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు, గుంటూరు జిల్లా వాడే అయిన ఈలపాట రఘురామయ్య వంటి నటుల గొంతులు ప్లేట్ల ద్వారా నాటకం చూడనివారి చెవికి కూడా చేరాయి. పెళ్ళిపందిట్లో, తిరునాళ్ళలో మైకుసెట్టు వాళ్ళు వేసిన ప్లేటే వేసేవారు. ఉక్కు ముల్లు తిరిగిన ప్రతిసారీ గాడిని కొంత తినేది. ఆ పైన ఎండ ప్లేటును వంచేది, సముద్రపు చెమ్మ బూజు పట్టించేది. కనుక జనం ఎక్కువగా ప్రేమించిన ప్లేటే ఎక్కువగా అరిగిపోయింది. మచ్చలేకుండా మిగిలినది చాలావరకు ఎవరూ అట్టే విననిది, లేదా స్థితిమంతుల బీరువాలో భద్రంగా ఉన్నది. సేకర్త ‘మంచి ప్రతి’ అన్నప్పుడు ఈ సంగతి మనం మరవకూడదు. అరుగుదల కూడా ఒక చారిత్రక సాక్ష్యం. వినినవాళ్ళు దానిమీద వదిలిన సంతకం అది.

ఆ ప్లేటు దేనితో తయారైంది? 1950ల దాకా ప్రధానంగా లక్కతో. ఛోటానాగపూర్ అడవుల్లో మోదుగ, కుసుమ చెట్ల మీద పురుగు పెట్టిన లక్కను ఆదివాసీలు గీకి తెస్తే, అది చేతులు మారి ప్రపంచమంతటా రికార్డు కంపెనీలకు చేరింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటుకు ఒక్కోవైపు పట్టేది సుమారు మూడు నిమిషాల పాట. రంగస్థలం మీద ఒక్క పద్యాన్ని రాగాలాపనతో అంతకు ఎన్నో రెట్లు సాగదీసే నటుడు ఆ మూడు నిమిషాల్లో ఒదగవలసి వచ్చింది. అంటే మనం వింటున్నది నాటకం కాదు. కంపెనీ కొలతకు కత్తిరించిన నాటకం. ‘ఒన్స్ మోర్’ అన్న కేకలు లేవు, పెట్రోమాక్సు దీపాల కింద తెల్లవార్లూ కూర్చున్న రైతుకూలీ దగ్గు లేదు. దీన్ని బట్టి పద్యనాటక చరిత్ర మొత్తాన్ని తీర్మానించేవారు ఈ లోటును లెక్కలోకి తీసుకోవాలి.

ఇక పరిష్కరణ సంగతి. బ్రౌన్ దొర వేమన పద్యాలను సంకలించినప్పుడు పండితుల చేత అనేక ప్రతులు సేకరింపజేసి, పోల్చి చూపించాడు. ప్లేట్లకూ అదే మార్గం. ఒకే పాటకు రెండు మూడు ప్రతులు దొరికితే, ఒకదానిలో పగిలినచోట మరొకదాని నుంచి పూరించవచ్చు. ప్లేటు మధ్య అచ్చుపడిన సంఖ్య తాళపత్రం చివరి గద్య వంటిది. అది ఏ ముద్రణో గుర్తు పట్టడానికి ఆధారం. లక్క ప్లేటుకు సుమారు మూడు వెయ్యోవంతుల అంగుళపు ముల్లు కావాలి. తరవాత వచ్చిన వినైల్ ప్లేటుకు ఒక వెయ్యోవంతు చాలు. వినైల్ ప్లేటును శుభ్రం చేసే స్పిరిట్‌తో లక్క ప్లేటును తుడిస్తే లక్కే కరిగిపోతుంది. 1954 ప్రాంతంలో ఒక ఉమ్మడి కొలత స్థిరపడేదాకా మంద్ర, తార స్వరాలను తగ్గించి హెచ్చించే లెక్క కంపెనీకొక తీరుగా ఉండేది. ఆ లెక్క తెలియక ఒకే కొలతతో వినిపిస్తే, గొంతు పీలగానో బొంగురుగానో మారుతుంది. మనం ఆ దోషాన్ని గాయకుడికి అంటగడతాం.

వేగం విషయంలో చిక్కు ఇంకా పెద్దది. 78 అన్నది పేరుకే. పాత ప్లేట్ల అసలు వేగం అటూ ఇటూ ఉండేది. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా స్థానంవారు పాడిన పాటను తలచుకోండి. 1966 సినిమాలో సుశీల గొంతులో విన్నవారికి అదే అసలు పాట అనిపిస్తుంది. స్థానంవారి ప్లేటును నాలుగు చుట్లు ఎక్కువ తిప్పితే గొంతు సన్నబడి నేటి చెవికి ‘ఆడగొంతు’గా నప్పుతుంది. అయితే స్థానంవారి ఘనత అందులో లేదు. పురుషుడి గొంతు పురుషుడి గొంతుగానే ఉంటూ అభినయంతో స్త్రీని నిలబెట్టడంలో ఉంది. కాబట్టి నటుడి గొంతును కాక వెనకనున్న హార్మోనియం శ్రుతిని సాక్షిగా పిలవాలి. ఆ హార్మోనిస్టు పేరు చాలా లేబుళ్ళ మీద ఉండదు. కాని నేడు నిజం తేల్చవలసినది ఆ పేరులేని కళాకారుడే!

చప్పుడు తుడిచే యంత్రానికి యతిప్రాసలు తెలియవు. ప్లేటు మీది బరబరా, మన శషసలూ దాదాపు ఒకే తావున పలుకుతాయి. ఒకదాన్ని పూర్తిగా తీసేస్తే రెండోదీ పోతుంది. నున్నగా వినిపించే పద్యంలో ‘శ’కూ ‘స’కూ తేడా చెరిగితే, ఉచ్చారణే ప్రాణంగా బతికిన నటుడికి మనం చేసిన మేలేమిటి? నమ్మకంగా ఉండవలసినది గాడికి గాని, ఖరీదైన స్పీకరు ముందు కూర్చున్న శ్రోత సౌఖ్యానికి కాదు.

పద్యనాటకం భూస్వామ్య కళ, దాని ప్లేట్లతో మనకేమిటన్న వాదన ఒకటుంది. అది తొందరపాటు. జనం ఏ గొంతుకు కదిలారో తెలియకుండా జనంలోకి వెళ్ళే కళ పుట్టదు. ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టినప్పుడు గ్రహించింది ఇదే. అయితే రెండో సగం కూడా చెప్పాలి. 1937 వేసవిలో ఇదే కొత్తపట్నంలో నడిచిన రాజకీయ పాఠశాలను ప్రభుత్వం నిషేధించింది, విద్యార్థుల మీద లాఠీలు ప్రయోగించింది. ఆ గొంతులకు కంపెనీ మైకు ఎదురు రాలేదు. వందల ప్రదర్శనలు పొంది నిషేధానికి గురైన ‘మా భూమి’ ఊరూరా ఎలా మోగిందో చెప్పే ప్లేటుసెట్టు మన బీరువాల్లో లేదు. సరుకుగా చెల్లేది గాడికెక్కింది, తిరగబడేది గాలిలో కలిసింది. ఉన్న ప్లేట్లను ఎంత శుభ్రంగా వినిపించినా ఈ అసమానతను ఏ యంత్రమూ సరిచేయలేదు.

మద్రాసులో వి.ఎ.కె. రంగారావు వంటివారు ఒంటిచేత్తో వేలాది ప్లేట్లు పోగుచేయబట్టే ఈ మాత్రమైనా మిగిలింది. ఒక వ్యక్తి అభిరుచి మీద ఒక జాతి జ్ఞాపకం ఆధారపడడం మంచిది కాదు. విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు ఈ పని నెత్తికెత్తుకోవాలి. తుడవని ప్రతిని యథాతథంగా భద్రపరచాలి. తుడిచిన ప్రతిని దాని పక్కనే పెట్టి, ఏ ముల్లు వాడారో, ఏ వేగంతో తిప్పారో, ఏది తీసేశారో పీఠికలా రాసిపెట్టాలి. దొరికినమేరకు వాద్యకారుల పేర్లు చేర్చాలి. మన చట్టంలో ధ్వనిముద్రణ హక్కు ప్రచురణ తరవాత 60 ఏళ్ళు. ఆ గడువు దాటినవాటిని, రచన మీది హక్కులు చూసుకొని, అందరికీ ఉచితంగా అందించాలి. వాటితోపాటు, ప్లేటుకెక్కని పాటలు నోట మిగిలివున్న ముసలివాళ్ళ దగ్గరకు ఇప్పుడే వెళ్ళి రికార్డు చేయాలి. ప్లేటు బీరువాలో ఇంకో పదేళ్ళు ఆగగలదు. ఆ మనుషులు ఆగలేరు.