రెండోసారి వచ్చే పిల్లల కోసం

ఏటా జూన్ మొదటి శనివారం టెక్సస్‌లో లైసెన్సు లేకుండా ఎవరైనా చేపలు పట్టుకోవచ్చు. ఆ రోజు డాలస్ చుట్టుపక్కల ఏ పార్కు చెరువు దగ్గరికి వెళ్ళినా తిరునాళ్ళే. గట్టు పొడవునా పిల్లలు, వాళ్ళ వెనక ఫోన్లు ఎత్తిపట్టుకున్న అమ్మానాన్నలు. చేప పడితే చాలు, చప్పట్లు, ఫొటో, ఓ సర్టిఫికెట్. మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి గట్టు ఖాళీ.

పిల్లలకు చేపలు పట్టడం, వేటాడడం నేర్పే ఓ స్వచ్ఛంద బృందాన్ని కొన్నేళ్ళుగా మరికొందరితో కలిసి నడుపుతున్నాను. ఆ పండగ మేమూ చేస్తాం, ఇష్టంగానే చేస్తాం. కానీ ఆ శనివారం వచ్చిన పిల్లల్లో ఆగస్టు ఎండల్లో మళ్ళీ ఎవరొచ్చారు, నవంబరు చలిలో ఎవరొచ్చారు అన్నదే మా పనికి లెక్క. మొదటి చేపను ఏ చెరువైనా ఇస్తుంది. రెండోసారి రావాలంటే, పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలిచే పెద్దమనిషి ఎవరో ఒకరు గట్టు మీద కనబడాలి. ఈ పని మొత్తం ఆ మనిషి మీదే నిలబడి ఉందని నా నమ్మకం.

వేట అనగానే మనవాళ్ళు ఉలిక్కిపడతారు. సహజమే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. అది నేరంగానే ఉండాలని నేనూ అంటాను. అమెరికాలో కథ వేరే దారిన నడిచింది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ మాంసం, ఈకలు, తోళ్ళు అమ్ముకోవడానికి జంతువుల్నీ పక్షుల్నీ విచ్చలవిడిగా చంపారు. ఒకప్పుడు గుంపులు గుంపులుగా ఆకాశాన్ని కప్పేసిన పాసెంజర్ పావురాల్లో చిట్టచివరిది 1914 సెప్టెంబరులో సిన్సినాటి జంతు ప్రదర్శనశాలలో చచ్చిపోయింది. తెల్లతోక జింకలు దేశం మొత్తం మీద కొన్ని లక్షలకు పడిపోయాయి. అప్పుడు మేలుకున్నారు. అడవి మాంసం అమ్మకాలకు అడ్డుకట్ట వేశారు. ఏ జంతువును ఏ నెలల్లో, మనిషికి ఎన్ని చొప్పున కొట్టవచ్చో రాసిపెట్టారు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం చేసి, వేట తుపాకుల మీదా తూటాల మీదా వచ్చే పన్నును వన్యప్రాణుల కోసమే రాష్ట్రాలకు పంచడం మొదలుపెట్టారు. 1950లో చేపల సామగ్రికీ అలాంటి చట్టమే వచ్చింది. ఇవాళ ఒక్క టెక్సస్‌లోనే 50 లక్షలకు పైగా జింకలున్నాయని అంచనా. వాటిని అదుపులో ఉంచే తోడేళ్ళను మనుషులు ఎప్పుడో తుడిచిపెట్టేశారు. వానలు లేని ఏడు మేత చాలక బక్కచిక్కి తిరిగే జింకలను చూసినవాళ్ళకు, వేట పూర్తిగా ఆపేస్తే అవి హాయిగా బతుకుతాయన్న మాట అంత తేలిగ్గా నోటికి రాదు.

ఈ ఏర్పాటుకు డబ్బు పెట్టేది చాలావరకు వేటగాళ్ళు, చేపలు పట్టేవాళ్ళే. ఫెడరల్ ప్రభుత్వ సర్వేలో 2011లో 1 కోటి 37 లక్షలున్న వేటగాళ్ళు 2016కు 1 కోటి 15 లక్షలయ్యారు. తాత తండ్రికి, తండ్రి బిడ్డకు నేర్పే విద్య ఇది. తండ్రి పట్నంలో అపార్టుమెంటుకు మారితే అక్కడితో తెగిపోతుంది. పైగా టెక్సస్‌లో 95 శాతం దాకా భూమి ప్రైవేటువాళ్ళది. ఎవరి పొలమూ తెలియని పిల్లవాడు అడుగు పెట్టడానికి చోటే లేదు. అందుకే 1996లో రాష్ట్ర పార్కులు-వన్యప్రాణుల శాఖ, టెక్సస్ వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ కలిసి 9 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు యూత్ హంటింగ్ ప్రోగ్రామ్ పెట్టాయి. రాంచ్‌ల (పెద్ద పశువుల పొలాల) యజమానులు చోటిస్తారు, వలంటీర్లు పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్తారు. మాది అంతకంటే చాలా చిన్న బృందం. చేసే తీరు మాత్రం అదే.

లానో దగ్గర ఓ రాంచ్‌లో పోయినేడు కూర్చున్న తెల్లవారుజాము గురించి చెప్పాలి. అసలు సీజనుకు ముందు పిల్లల కోసమే ఓ వారాంతం కేటాయిస్తారు. ముందురోజు సాయంత్రం కాగితపు గురి మీద కాల్పించి, గుళ్ళన్నీ అరచేయంత చోట పడితేనే మర్నాడు బయటికి తీసుకెళ్తాం. పడకపోతే ఇంకోసారి రమ్మంటాం. ఆ తెల్లవారుజామున నాతో ఉన్నది ఓ తెలుగమ్మాయి, పదమూడేళ్ళది, వెనక కుర్చీలో వాళ్ళ నాన్న. మేం కూర్చున్నదాన్ని ఇక్కడివాళ్ళు బ్లైండ్ అంటారు, చుట్టూ గోడలున్న మంచె అనుకోండి. కిటికీ ఎత్తుకు సరిపడా ఇసుక సంచి, దాని మీద రైఫిల్. అందులో తూటా ఇంకా ఎక్కించలేదు. చీకటి విడుతుంటే ముందు ఓక్ చెట్ల గుబుర్లు, తర్వాత వాటి కింద గడ్డి, ఆ తర్వాత గడ్డిలో కదిలే చెవులు కనిపించాయి.

పెద్ద ఆడ జింక. పక్కకు తిరిగి నిలబడింది. భుజం వెనక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు స్పష్టంగా కనబడుతోంది. తూటా ఎక్కించమని సైగ చేశాను. అమ్మాయి ఎక్కించింది. చెంప బట్ మీద ఆనించింది. వేలు మాత్రం ట్రిగ్గర్ బయటే ఉంచింది. నేను ఆమె వేలునే చూస్తున్నాను. ఊపిరి ఒకటి, రెండు.

"అంకుల్, దాని వెనకాల ఇంకోటుంది" అంది గుసగుసగా.

బైనాక్యులర్ పెట్టి చూస్తే నిజమే. ఎత్తు గడ్డిలో మరో జింక, తల దించుకుని మేస్తోంది. ఈ దూరంలో తూటా ఒకదాని ఒంట్లోంచి దూసుకుపోయి వెనకదాన్నీ తాకగలదు. గురి దగ్గరే చూపు ఆపకూడదు, దాని వెనక ఏముందో తెలిశాకే కాల్చాలన్నది తుపాకీ భద్రతలో మొదట నేర్పే నాలుగు నియమాల్లో ఒకటి. పిల్లలు దాన్ని అప్పజెప్పడం వేరు, గుండె దడదడలాడుతుండగా గుర్తుపెట్టుకోవడం వేరు. అమ్మాయి ఆగింది. రెండూ విడిపోతాయేమోనని చూశాం. విడిపోలేదు, మేసుకుంటూ మేసుకుంటూ చెట్ల చాటుకెళ్ళిపోయాయి. అమ్మాయి తూటా తీసేసి నా చేతిలో పెట్టింది.

"ఇంత దూరం వచ్చి వట్టి చేతుల్తోనా అన్నా?" అన్నాడు వాళ్ళ నాన్న, కాస్త దిగులుగానే.

"ఈ పిల్ల ఇవాళ చేసింది పెద్దవాళ్ళలో చాలామంది చెయ్యలేరు తమ్ముడూ" అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర, జింకను కొట్టిన పిల్లవాడికి ఎన్ని చప్పట్లు కొట్టామో ఆమెకూ అన్నే కొట్టాం. మా దగ్గర అది ఆనవాయితీ.

ఆ నిగ్రహం ఆమెకు ఆ తెల్లవారుజామున ఒక్కసారిగా వచ్చింది కాదు. అంతకుముందు ఏడాది పొడవునా మా చెరువు గట్టుకు వచ్చింది. బెండు కదలగానే లాగెయ్యకుండా, అది పూర్తిగా మునిగేదాకా ఆగడం అక్కడే నేర్చుకుంది. వేటకు ముందు చేపలు పట్టించాలని నేను పట్టుబట్టేది అందుకే. కొందరు పిల్లలు చేపల దగ్గరే ఆగిపోతారు, తుపాకీ వైపు రారు. అదీ మంచిదే.

పిల్లల చేతికి తుపాకీ ఇవ్వడమేమిటని అడిగేవాళ్ళకు నేను అడ్డు చెప్పను. 2022 మే 24న ఇదే రాష్ట్రంలో యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు తూటాలకు బలయ్యారు. ఆ ఊరి పేరు తలచుకోకుండా ఇక్కడ ఎవరూ ఈ పని చెయ్యలేరు, చెయ్యకూడదు. మా బృందం తుపాకులు తాళం వేసిన పెట్టెల్లో ఉంటాయి, తూటాలు వేరే పెట్టెలో. ఇంట్లో తుపాకీ కొనుక్కోమని మేం ఎవరికీ చెప్పం. ఇంతకుముందే ఉన్న ఇళ్ళవాళ్ళకు మాత్రం తాళం గురించి తల్లిదండ్రులు కూర్చుని ఉండగానే పిల్లల ఎదుట చెప్తాం. పదిహేడేళ్ళలోపు పిల్లలకు అందేలా తుపాకీని వదిలెయ్యడం టెక్సస్ చట్టంలో నేరమన్న సంగతి చాలామంది పెద్దలకు మా దగ్గరే తెలుస్తుంది. 1988లో ఈ రాష్ట్రం వేట శిక్షణను తప్పనిసరి చేశాక వేటలో ప్రమాదాలు బాగా తగ్గాయి. నేర్పితే ఫలితం ఉంటుందనడానికి నాకు కనిపిస్తున్న ఆధారం అది.

ఇక చెరువు సంగతి. మేం పిల్లలకిచ్చేది బొత్తాం నొక్కి వదిలే రీలు. ఓక్లహోమాలోని టల్సాలో చమురు బావులకు బాంబులు చేసే జీరో అవర్ బాంబ్ కంపెనీ దగ్గరికి 1947లో ఆర్.డి. హల్ అనే గడియారాల రిపేరు మనిషి, దారం చిక్కుపడని రీలు ఆలోచన పట్టుకెళ్ళాడు. 1949కల్లా అది తయారైంది. ఆ రీళ్ళకున్న జెబ్కో అన్న పేరు ఆ బాంబుల కంపెనీ పేరులోంచి వచ్చిందే. పసిపిల్లల చేతికి ఇంతకంటే మంచి పనిముట్టు నేను చూడలేదు. కొల్లేరు పక్క ఊళ్ళో వెదురు కర్రకు దారం కట్టి, వానపాము గుచ్చి పెరిగినవాణ్ణి. ఆ కర్ర మీద నాకున్న ప్రేమ అలాగే ఉంది. కానీ ఏడేళ్ళ పిల్లవాడు తన చేత్తో తానే గాలం విసిరి, అది నీళ్ళలో పడ్డ చప్పుడు విని వెనక్కి తిరిగి చూసే చూపు కోసం ఈ రీలునే ఎంచుకుంటాను.

టెక్సస్ పార్కుల శాఖ పట్నం చెరువుల్లో వేసవి రోజుల్లో క్యాట్‌ఫిష్‌ను, చలికాలంలో ట్రౌట్‌ను వదులుతుంది. క్యాట్‌ఫిష్ మన జెల్లకు చుట్టం. వీపు మీదొకటి, రెండు పక్కలా రెండు ముళ్ళు. పట్టుకునేటప్పుడు అరచేయి పొట్ట కిందికి పోనిచ్చి, పక్క ముళ్ళ వెనక వేళ్ళు ఆనించాలి. ఇది చూపిస్తే పిల్లలు రెండు నిమిషాల్లో నేర్చుకుంటారు. పెద్దవాళ్ళతోనే కష్టం. చేప బరువుగా తగిలి కర్ర వంగగానే పక్కనున్న పెద్దమనిషి చేతులు ఆగవు. "ఇటివ్వు, ఇటివ్వు" అని లాక్కుంటాడు. చేప ఒడ్డున పడుతుంది, పిల్లవాడి మొహం చిన్నబోతుంది. మా బృందంలో కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట, చేప పోతే పోనివ్వండి, కర్ర మాత్రం పిల్లవాడి చేతిలోంచి తియ్యొద్దని. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడం రానివాడు ఎంత నైపుణ్యం ఉన్నా ఈ పనికి పనికిరాడు.

ఇంటికి తీసుకెళ్ళే చేపను పిల్లలే మాతోపాటు శుభ్రం చెయ్యాలి. కొందరు కళ్ళు మూసుకుంటారు, బలవంతపెట్టం. ఒకసారి చూశాక మాంసం అట్టపెట్టెలో పుడుతుందని ఏ పిల్లా అనుకోదు. చంపితే తినాలి, తినకపోతే బతికుండగానే నీళ్ళలో వదలాలి. మా నియమం అంతే. శాకాహారుల ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు కొక్కెం ముల్లు పటకారుతో నొక్కేసి, పట్టి వదిలేస్తుంటారు. వాళ్ళకూ గట్టు మీద చోటుంది.

బృందం నడపడమంటే వీటికంటే ఎక్కువ భాగం కాగితాల పనే. బీమా, తల్లిదండ్రుల సంతకాలు, ప్రతి వలంటీరుకూ పోలీసు రికార్డుల తనిఖీ. ఏ పెద్దమనిషీ పిల్లవాడితో ఒంటరిగా ఉండకూడదన్నది మేం ఎవరి కోసమూ సడలించని షరతు. ఎన్నాళ్ళుగా తెలిసిన స్నేహితుడైనా సరే. విసుగొచ్చే పనులే, కానీ పిల్లల్ని మనకు అప్పగించే తల్లిదండ్రులకు మనం ఇవ్వాల్సిన కనీస హామీ అది. డబ్బు కంటే మాకు కరువైంది మనుషులు. ఒక్కరోజు రమ్మంటే చాలామంది వస్తారు. ఏడాది పొడవునా రమ్మంటే తలలు దించుకుంటారు. మనిషి మారిన ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు పిల్లలు రావడం మానేస్తారు. ఇది నేను మళ్ళీ మళ్ళీ చూశాను.

అందుకే ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో ఉన్న తెలుగువాళ్ళకు ఒక మనవి. మీలో ఎంతోమంది చిన్నప్పుడు కాలవ గట్ల మీద గాలం వేసినవాళ్ళే. రాష్ట్ర పార్కుల శాఖ వలంటీర్లకు చేపలు పట్టడం నేర్పే శిక్షకులుగా తర్ఫీదు ఇస్తుంది. స్టేట్ పార్కుల్లో చేపలు పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు, చాలాచోట్ల కర్రలు, రీళ్ళు కూడా అరువిస్తారు. తుపాకీ జోలికి మీరు రానక్కర్లేదు. మీ ఊళ్ళో ఇలాంటి బృందం ఏదో ఒకటి ఉంటుంది, వెతికి పేరు ఇవ్వండి. నెలకు ఒక్క శనివారం చాలు. కానీ ఏడాది పొడవునా రాగలిగితేనే పేరు ఇవ్వండి.