ఫలక్‌నుమా అభిరుచి – అమృతా షేర్‌గిల్ చిత్రదృష్టి: ఒక తిరస్కరణ పునఃపరిశీలన

1936 చివర అమృతా షేర్‌గిల్ (1913–1941) హైదరాబాదులో తన చిత్రాలను ప్రదర్శించారు. మూడవ సాలార్‌జంగ్, నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్, కొన్ని చిత్రాలను పరిశీలనకు ఉంచుకొని చివరకు కొనకుండానే తిప్పి పంపారు. ఆయన కళాసేకరణపై ఆమెకున్న చిన్నచూపు ఆమె లేఖల్లో కనిపిస్తుంది. ఈ ఉదంతాన్ని ఒక సంపన్నుని అభిరుచిలేమికి ఉదాహరణగా చెప్పడం పరిపాటి. నిజానికి ఇక్కడ ఎదురుపడినవి రెండు భిన్న కళాదృక్పథాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

నాటి హైదరాబాదు ప్రభువర్గాల అభిరుచికి ఫలక్‌నుమా సౌధమే ప్రత్యక్ష సాక్ష్యం. వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించిన ఈ భవనం తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వశమైంది. ఇటలీ పాలరాయి, చిత్రాలంకృతమైన లోకప్పులు, యూరోపియన్ గృహోపకరణాలు అక్కడి వైభవానికి ఆధారాలు. మొదటి సాలార్‌జంగ్ 1876లో సేకరించిన బెంజోనీ శిల్పం ‘మేలిముసుగు రెబెక్కా’ కూడా ఆ కోవలోనిదే. రాయి పలుచని వస్త్రంగా భాసించడమే దాని ఘనత. ఈ అభిరుచికి నియమాలున్నాయి: యథార్థభ్రాంతి, నునుపు, హస్తనైపుణ్యం.

షేర్‌గిల్‌కు ఈ నియమాలు తెలియనివి కావు. పారిస్‌లో శాస్త్రీయ శిక్షణ పొంది, 1932లో వేసిన ‘యంగ్ గర్ల్స్’ చిత్రానికి మరుసటి ఏడు బంగారు పతకం అందుకున్న కళాకారిణి ఆమె. పోస్ట్ ఇంప్రెషనిస్టులైన సెజాన్ నుండి ఆకృతి నిర్మాణాన్ని, గోగాన్ నుండి విశాలమైన వర్ణతలాలను గ్రహించి, ఆ భ్రాంతిని తెలిసే విడిచిపెట్టారు. గోగాన్ ప్రభావాన్ని 1934 నాటి ‘తహితీ స్త్రీగా స్వీయచిత్రం’ బాహాటంగానే ప్రకటిస్తుంది.

అదే యాత్రలో ఆమె అజంతాను దర్శించారు. అక్కడి కుడ్యచిత్రాల్లో తాను వెదుకుతున్న సరళీకరణ, రేఖాబలం, మట్టిరంగుల గాంభీర్యం కనిపించాయి. 1937 నాటి ‘వధువు అలంకరణ’, ‘బ్రహ్మచారులు’, ‘సంతకు వెళ్తున్న దక్షిణ భారత గ్రామీణులు’ ఆ దర్శన ఫలితాలు. నాడు అజంతా నిజాం రాజ్యంలోనిది. గులాం యజ్దానీ నేతృత్వంలోని పురావస్తు శాఖ ఆ గుహలను శ్రద్ధగా సంరక్షించింది. అంటే అజంతాను ప్రాచీన సంపదగా కాపాడిన సమాజమే, దానికి బంధువైన నూతన చిత్రాన్ని గుర్తించలేకపోయింది. ఈ వైరుధ్యమే ఆ తిరస్కరణలోని అసలు విషాదం.

షేర్‌గిల్ తీర్పూ ఏకపక్షమే. సాలార్‌జంగ్ సేకరణలో దక్కనీ, మొఘల్ సూక్ష్మచిత్రాలు, అమూల్యమైన లిఖిత ప్రతులు కూడా ఉన్నాయి. అయితే ఆమె సంధించిన ప్రశ్న నేటికీ విలువైనదే. ఆధునిక చిత్రకళను పాశ్చాత్య అనుకరణగా కొట్టివేసే విమర్శకులు రెండు అంశాలను గమనించాలి. ఫలక్‌నుమా ఆదరించిన వాస్తవికతా పాశ్చాత్యమే. షేర్‌గిల్‌కు అజంతాను చదివే కన్నునిచ్చిందీ ఒక పాశ్చాత్య ధోరణే. కనుక ఒక శైలి ఎక్కడ పుట్టిందన్న దానికన్నా, అది ఇక్కడి జీవితంలో దేనిని చూపగలిగిందన్నదే విమర్శకు ప్రమాణం కావాలి.