విమర్శనాత్మక పరిశీలన: లినక్స్ డ్రైవర్లలో లాకింగ్ దోషాల సవరణ

మ్యూటెక్స్, స్పిన్‌లాక్‌ల పనితీరును మీరు ఇంతకుముందు చదివారు. వాటి వాడకంలో తప్పు దొర్లితే చేసిన సవరణ సరైనదో కాదో ఎలా నిర్ణయించాలి? లినక్స్ కెర్నల్ చరిత్రలోని ఒక పెద్ద సవరణ ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

ఒకటి కంటే ఎక్కువ ప్రాసెసర్లున్న కంప్యూటర్లపై పనిచేసే సౌకర్యం లినక్స్‌కు 1996లో, 2.0 వెర్షన్‌తో వచ్చింది. రెండు ప్రాసెసర్లు ఒకేసారి కెర్నల్ డేటాను మార్చి పాడుచేయకుండా మొత్తం కెర్నల్‌కు ఒకే లాక్ పెట్టారు. దీనిని బిగ్ కెర్నల్ లాక్ అంటారు. ఇది ఇంట్లోని గదులన్నిటికీ కలిపి వీధి తలుపుకు ఒకే తాళం వేయడం వంటిది. ఒకరు లోపల ఉంటే మిగిలినవారంతా బయట ఆగాలి. ఈ లాక్‌కు ఒక ప్రత్యేక లక్షణం ఉంది. దానిని తీసుకున్న ప్రాసెస్ నిద్రావస్థలోకి వెళితే లాక్ దానంతట అదే విడుదలై, మేల్కొన్నాక తిరిగి లభిస్తుంది.

దీని తొలగింపు చాలా ఏళ్లు సాగింది. మొదట లాక్‌ను కెర్నల్ ప్రధాన భాగం నుండి ఒక్కొక్క డ్రైవర్‌లోకి తరలించారు. 2010లో అనేక డ్రైవర్లలో స్క్రిప్ట్ సాయంతో దాని స్థానంలో ఆ డ్రైవర్‌కే చెందిన మ్యూటెక్స్‌ను ఉంచారు. 2011లో, 2.6.39 వెర్షన్‌తో పెద్ద లాక్ పూర్తిగా పోయింది.

ఈ కృషి మెచ్చుకోదగినదే. ఒకదానితో ఒకటి సంబంధం లేని డ్రైవర్లు పరస్పరం వేచి ఉండే స్థితి తొలగింది. పరీక్షించడానికి పరికరమే దొరకని పాత డ్రైవర్ల విషయంలో అంతకుమించి చేయడం కష్టం కూడా. అయినా డ్రైవర్ల వరకు చూస్తే ఇది సగం సవరణే. స్క్రిప్ట్ తాళాన్ని మార్చగలదు గాని, ఆ తాళం ఏ డేటాను కాపాడుతోందో తేల్చలేదు. పైగా మ్యూటెక్స్‌కు పాత లాక్ లక్షణం లేదు. పరికరం నుండి జవాబు కోసం నిద్రించే ప్రాసెస్ మ్యూటెక్స్‌ను వదలకుండానే నిద్రిస్తుంది. అదే డ్రైవర్ నడిపే రెండో పరికరాన్ని వాడదలచిన ప్రాసెస్ అనవసరంగా ఆగిపోతుంది. నిద్రిస్తున్న ప్రాసెస్‌ను మేల్కొలపవలసిన ప్రాసెస్‌కే ఆ మ్యూటెక్స్ కావలసివస్తే డెడ్‌లాక్ ఏర్పడుతుంది.

చిన్న సవరణల్లోనూ ఇదే లోపం కనిపిస్తుంది. స్పిన్‌లాక్ పట్టుకుని నిద్రించకూడదని మీకు తెలుసు. ఒక డ్రైవర్ స్పిన్‌లాక్ లోపల, నిద్రించే వీలున్న ‘జీఎఫ్‌పీ కెర్నల్’ పద్ధతిలో మెమరీ అడిగిందనుకోండి. తనిఖీ సాధనం హెచ్చరిస్తుంది. దానిని ‘జీఎఫ్‌పీ అటామిక్’గా మారిస్తే హెచ్చరిక ఆగుతుంది. కాని ఈ పద్ధతిలో కెర్నల్ మెమరీ సమకూరేవరకు వేచి ఉండదు. కొరత ఉన్నప్పుడు అభ్యర్థన విఫలమయ్యే అవకాశం పెరుగుతుంది. వీలున్న చోట, లాక్ తీసుకునే ముందే మెమరీ కేటాయించుకోవడం మేలైన సవరణ.

2006లో 2.6.18 వెర్షన్‌లో చేరిన లాక్‌డెప్ అనే సాధనం లాకులు తీసుకునే క్రమాన్ని గమనించి, డెడ్‌లాక్ జరగకముందే హెచ్చరిస్తుంది. కాని లాక్ వేయడమే మరచిన చోటును అది దానంతట అది పట్టుకోలేదు. కాబట్టి హెచ్చరిక రాకపోవడం కోడ్ సరైనదనడానికి రుజువు కాదు.

ఏ సవరణనైనా అంచనా వేసేటప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఈ లాక్ ఏ డేటాను కాపాడుతోంది? ఆ డేటాను తాకే ప్రతి చోటా అదే లాక్ తీసుకుంటున్నారా? లాక్ పట్టుకుని ఎంతసేపు, దేనికోసం వేచి ఉంటున్నారు? మొదటి ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు రాయలేకపోతే ఆ సవరణ ఇంకా పూర్తికాలేదని గ్రహించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక ప్రాసెస్, ఇంటరప్ట్ హ్యాండ్లర్ రెండూ ఒకే జాబితాను మారుస్తున్నాయి. ఇక్కడ మ్యూటెక్స్ ఎందుకు పనికిరాదు? స్పిన్‌లాక్ వాడితే, ప్రాసెస్ దానిని తీసుకునేటప్పుడు ఆ ప్రాసెసర్‌పై ఇంటరప్ట్‌లను ఎందుకు నిలిపివేయాలి?