ఎవర్ని సస్పెండ్ చేశారు?

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెజర్ పడిపోయి 11 మంది కొవిడ్ రోగులు చనిపోయారని అప్పటి చిత్తూరు జిల్లా కలెక్టర్ ప్రకటించారు. శ్రీపెరుంబుదూరు నుంచి రావలసిన ట్యాంకర్ ఆలస్యమైంది. అయిదు నిమిషాల్లో సరఫరాను సరిచేశామని అధికారులు అన్నారు, అంతకన్నా చాలాసేపే ఆగిందని బంధువులు అన్నారు. ఇలాంటి తగువును తీర్చగలిగేది గేజ్ రీడింగులను వేళతో సహా రాసిన రిజిస్టరే. ఏప్రిల్ 21న నాసిక్‌లో ట్యాంకు లీకై కనీసం 22 మంది పోయారు. రుయా ఘటనకు వారం ముందు కర్ణాటకలోని చామరాజనగరలో ఆక్సిజన్ కొరత నడుమ 24 మంది పోయారు. కారణాలు వేరైనా, ట్యాంకు నుంచి మంచం దాకా వచ్చే గొట్టం అన్నిచోట్లా ఒకలాంటిదే. వేరే రాష్ట్రాల వాళ్ల చేతులు కాలితే మనం పేపర్లో చదివి ఊరుకున్నాం.

ఇలాంటిది జరగ్గానే అందరి నోటా వచ్చే ప్రశ్న, ఎవర్ని సస్పెండ్ చేశారని. ఒక ఉద్యోగిని ఇంటికి పంపితే శ్రీపెరుంబుదూరు దగ్గరవదు. ఆ కుర్చీలో రేపు కూర్చునే మనిషికీ అదే ట్యాంకరు, అదే రోడ్డు. అడగాల్సినవి వేరే ఉన్నాయి: ట్యాంకులో మట్టం ఎంతకు దిగితే అలారం మోగాలి, మానిఫోల్డ్‌లోని సిలిండర్లు ఎన్ని నిమిషాలు ఆదుకుంటాయి, వాటిని మార్చే మనిషి రాత్రి డ్యూటీలో ఉన్నాడా? వీటికి జవాబులు పెద్ద ప్రమాదాలకంటే, ఎవరో పరుగెత్తి సిలిండరు తగిలించి గట్టెక్కించిన రాత్రుల్లోనే ఎక్కువ దొరుకుతాయి. కానీ రాసినవాడే సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తే ఆ రాత్రుల గురించి ఎవరు రాస్తారు? అమెరికా విమానరంగం ఈ చిక్కును గుర్తించి, 1976 నుంచి పైలట్ల నివేదికలను శిక్షించే సంస్థకు కాక నాసాకు పంపిస్తోంది.

శిక్ష భయం పోతే నిర్లక్ష్యం పెరగదా అంటారు. ఘోర నిర్లక్ష్యానికి కోర్టులున్నాయి. మామూలు పొరపాటుకూ క్రిమినల్ కేసు పెట్టదగిన నిర్లక్ష్యానికీ మధ్య గీత ఎక్కడుందో వైద్య నిర్లక్ష్యంపై వచ్చిన జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. అయితే భయం లేకుండా రాసే పుస్తకం, చనిపోయినవాళ్ల ఇంటివాళ్లకు నిజం చెప్పకుండా దాచే పుస్తకం కాకూడదు. ఇక కిక్కిరిసిన ప్రభుత్వాసుపత్రిలో ఈ రాతకోతలకు తీరికేదన్నది రెండో అభ్యంతరం. కానీ రాత పెద్దది కానక్కర్లేదు: ఆపరేషన్ థియేటర్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన చెక్‌లిస్టు 19 అంశాల ఒక్క కాగితమే. ఢిల్లీ సహా 8 నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షిస్తే మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులను చూసిన 2014 అధ్యయనంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. టిక్కు పెట్టిన మనిషి గేజ్ వైపు చూశాడా లేదా అన్నది కాగితానికి తెలియదు మరి. తెలిసేది రాత్రి డ్యూటీ నర్సుకు. పొద్దున సూపరింటెండెంట్ గదిలో మీటింగు మొదలయ్యేసరికి ఆమె డ్యూటీ దిగి బస్సెక్కేసి ఉంటుంది.